మ్యాప్ మనదే... మరి షేరు కొనొచ్చా?

అక్టోబర్ 2025లో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ 'మ్యాపుల్స్' అనే స్వదేశీ మ్యాప్ యాప్‌ను మెచ్చుకుంటూ ఒక వీడియో పెట్టారు. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్నది త్రీడీ బొమ్మలో చూపిస్తుందని, అందరూ ఒకసారి వాడి చూడాలని చెప్పారు. ఆ తర్వాత స్టాక్ మార్కెట్ తెరవగానే ఆ యాప్ తయారుచేసిన కంపెనీ షేరు ఒక్కసారిగా పైకి లేచింది. ఇలాంటప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట తెలిసిందే. "గూగుల్‌కి పోటీ వచ్చేసింది. మన కంపెనీ. ఇప్పుడే కొనేయండి."

యాప్ వాడటం వేరు, షేరు కొనడం వేరు. యాప్ నచ్చకపోతే ఫోన్‌లోంచి తీసేస్తాం, పైసా పోదు. షేరు కొంటే మాత్రం ఎండలో నిలబడి సంపాదించిన దిర్హాములు, రియాళ్లు, దీనార్లు అందులో ఉంటాయి. కాబట్టి ఈ కంపెనీ ఏమిటి, దాని ఎదుట ఉన్నవాళ్లు ఎంతటివాళ్లు, డబ్బు పెట్టేవాడికి రావాల్సిన సందేహాలేమిటి అన్నది తీరికగా చూద్దాం.

ఎవరీ మ్యాప్‌మైఇండియా?

కంపెనీ అసలు పేరు సీఈ ఇన్ఫో సిస్టమ్స్. జనానికి తెలిసిన పేరు మ్యాప్‌మైఇండియా. ఢిల్లీ కంపెనీ. అమెరికాలో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చిన రాకేశ్ వర్మ, రశ్మీ వర్మ దంపతులు 1995లో మొదలుపెట్టారు. అప్పటికి ఇండియాలో ఇంటర్నెట్ ఇంకా కళ్లు తెరవలేదు. సర్వేయర్లు వీధి వీధీ తిరిగి రోడ్లు, సందులు, ఇళ్ల నంబర్లు రాసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మొదటి ఖాతాదారుల్లో కోకకోలా ఒకటి. ఏ ఊరికి ఏ దారిన సరుకు పంపాలో వాళ్లకు తెలియాలి కదా. 2004లో ఇంటర్నెట్‌లో మ్యాప్ పెట్టారు. గూగుల్ మ్యాప్స్ పుట్టింది 2005లో. అంటే ఈ రంగంలో గూగుల్ కంటే మనవాళ్లే ముందు.

అయితే కంపెనీ బతుకుతున్నది మనం ఫోన్‌లో చూసే ఉచిత యాప్ మీద కాదు. ఈ సంగతి చాలామంది గమనించరు. కార్ల కంపెనీలు డాష్‌బోర్డ్ తెరలో పెట్టుకునే మ్యాప్‌కు డబ్బు కడతాయి. బ్యాంకులు, డెలివరీ సంస్థలు, టెలికాం కంపెనీలు, ప్రభుత్వ శాఖలు తమ పనికి మ్యాప్‌ను అద్దెకు తీసుకుంటాయి. హ్యుందాయ్, ఎంజీ మోటార్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఎయిర్‌టెల్, జీఎస్‌టీ నెట్‌వర్క్ వంటివాటిని 2021లో షేర్ల అమ్మకానికి వచ్చినప్పుడు కంపెనీ తన ఖాతాదారులుగా చూపించింది. లారీలకు, బైకులకు తగిలించే ట్రాకింగ్ పరికరాల వ్యాపారం కూడా ఉంది.

లెక్కలు చూస్తే చిన్న కంపెనీయే గానీ నష్టాల కంపెనీ కాదు. 2020-21లో రాబడి సుమారు 152 కోట్ల రూపాయలు, లాభం 59 కోట్లు. 2023-24కి రాబడి 379 కోట్లు, లాభం 134 కోట్లు. 2024-25లో 463 కోట్ల రాబడి, 147 కోట్ల లాభం. ఏటా కోట్లకు కోట్లు నష్టపోతూ షేర్లు అమ్ముకున్న కొత్త కంపెనీలతో పోలిస్తే ఇది ఎంతో నయం. ఆ మాట ఒప్పుకోవాలి.

గంటన్నర సంపాదన

ఇక ఎదుటివాడి సంగతి. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2024లో 35 వేల కోట్ల డాలర్ల రాబడి చూపింది. లాభం 10 వేల కోట్ల డాలర్లు. మన లెక్కలో సుమారు ఎనిమిదిన్నర లక్షల కోట్ల రూపాయలు. గంటకు లెక్కేస్తే దాదాపు 97 కోట్లు. మ్యాప్‌మైఇండియా ఏడాదంతా కష్టపడి మిగుల్చుకున్న 147 కోట్లు గూగుల్‌కు గంటన్నర లాభం అన్నమాట.

డబ్బు ఒక్కటే కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ కొంటే గూగుల్ మ్యాప్స్ అందులో ముందే ఉండి వస్తుంది. కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసిన కేసులో ఇలా ముందే యాప్‌లు పెట్టి అమ్మించే పద్ధతి కూడా ఉంది. జరిమానాను 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది. తీర్పులు వచ్చినా అలవాటు మారలేదు. బండి తీయగానే మన వేలు పోయేది గూగుల్ మ్యాప్స్ మీదికే. దుబాయ్‌లో, కువైట్‌లో బైకు మీద డెలివరీ చేసే మన కుర్రాళ్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

ఉచితం వచ్చి పడినప్పుడు

పెద్ద కంపెనీ ఒక వస్తువును ఉచితంగా ఇవ్వడం మొదలుపెడితే దాన్నే అమ్ముకుని బతికే చిన్న కంపెనీ ఏమవుతుంది? దీనికి జవాబు ఊహించక్కర్లేదు, జరిగిన కథే ఉంది.

2009 అక్టోబర్ 28న గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లలో మలుపు మలుపుకూ దారి చెప్పే నావిగేషన్‌ను ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. అప్పటివరకు కారు అద్దానికి అంటించుకునే నావిగేషన్ పెట్టెలు అమ్మి బాగా సంపాదించిన కంపెనీలు అమెరికాలో గార్మిన్, నెదర్లాండ్స్‌లో టామ్‌టామ్. ఆ ఒక్క ప్రకటనతో గార్మిన్ షేరు 16 శాతం, టామ్‌టామ్ సుమారు 20 శాతం పడిపోయాయి. అంతకు ఏడాది ముందే టామ్‌టామ్ 290 కోట్ల యూరోలు పోసి టెలి అట్లాస్ అనే మ్యాప్ కంపెనీని కొనుక్కుంది. నోకియా అయితే 810 కోట్ల డాలర్లు పెట్టి నావ్‌టెక్ అనే మ్యాప్ కంపెనీని కొంది. 2015లో ఆ మ్యాప్ వ్యాపారాన్ని ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కార్ల కంపెనీలకు అమ్మేసినప్పుడు దానికి కట్టిన విలువ 280 కోట్ల యూరోలే.

గార్మిన్ మాత్రం చావలేదు. కారు పెట్టెలు వదిలి చేతి గడియారాలు, విమానాల పరికరాలు, పడవల పరికరాల మీద పడింది. 2008లో దాని రాబడి సుమారు 350 కోట్ల డాలర్లు. 2024లో 630 కోట్లు. అంటే గూగుల్ ఉచితంగా ఇవ్వని చోటు వెతుక్కుని అక్కడ కొట్టు పెట్టుకుంది.

ఈ కథలో ఇంకో ముక్క కూడా ఉంది. డబ్బుంటే మ్యాప్ రాత్రికి రాత్రి తయారుకాదు. 2012 సెప్టెంబర్‌లో ఆపిల్ సొంత మ్యాప్ తెచ్చింది. తప్పుల తడక. రోజుల వ్యవధిలో కంపెనీ అధినేత టిమ్ కుక్ జనానికి క్షమాపణ చెప్పి, అప్పటిదాకా పోటీవాళ్ల మ్యాపులు వాడుకోమన్నారు. ముప్పై ఏళ్లు వీధులు కొలిచినవాడి పనికి విలువ ఉందనడానికి ఇదే సాక్ష్యం.

కాబట్టి పెట్టుబడి పెట్టేవాడు "గూగుల్ పెద్దదా?" అని అడిగి లాభం లేదు. పెద్దదే. అడగాల్సింది "గూగుల్ ఉచితం ఎక్కడ ఆగుతుంది? అక్కడ ఈ చిన్న కంపెనీకి డబ్బు కట్టేవాళ్లు ఎంతమంది?" అని.

2024 జూలైలో ఏం జరిగింది?

మన దగ్గర ఆ పరీక్ష 2024 జూలైలో వచ్చింది. అంతకుముందు 2018లో గూగుల్ తన మ్యాప్‌ను వాడుకునే కంపెనీలకు ఉచిత వాడకం బాగా కుదించి, రేట్లు పెంచింది. అప్పుడు చాలామంది వేరే మ్యాపుల వైపు చూశారు. మ్యాప్‌మైఇండియాకు అది కలిసొచ్చే కాలం. ఆరేళ్ల తర్వాత గాలి తిరిగింది. 2024 జూలై మొదట్లో ఓలా అధినేత భవీశ్ అగర్వాల్ తాము గూగుల్ మ్యాప్స్ మానేసి సొంత మ్యాప్‌కు మారామని, ఏటా 100 కోట్ల ఖర్చు తప్పిందని ప్రకటించారు. రెండు వారాలు తిరగకముందే గూగుల్ ఇండియాలో కంపెనీలకు ఇచ్చే మ్యాప్ సేవల ధరల్ని 70 శాతం దాకా తగ్గించింది. ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చి, బిల్లులు రూపాయల్లో కట్టొచ్చంది.

అదే నెలలో మ్యాప్‌మైఇండియా ఓలా ఎలక్ట్రిక్‌కు లీగల్ నోటీసు పంపింది. 2021లో స్కూటర్ కోసం తమ దగ్గర తీసుకున్న మ్యాప్ సమాచారాన్ని కాపీ కొట్టి ఓలా మ్యాప్స్ చేశారన్నది ఆరోపణ. ఓలా దాన్ని ఖండించింది. ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. మనకు కావలసిన సంగతి ఒకటే. నిన్నటి ఖాతాదారు రేపటి పోటీదారు కావచ్చు. ఈ వ్యాపారంలో అది మామూలే.

మరి ధరల యుద్ధం దెబ్బ తగిలిందా? 2024-25 లెక్క చూస్తే లాభం తగ్గలేదు, 134 నుంచి 147 కోట్లకు పెరిగింది. కార్ల కంపెనీల ఒప్పందాలు ఏళ్ల తరబడి ఉంటాయి, ఒక్కరోజులో తెగిపోవు. అందుకే గూగుల్ ధర తగ్గించిందని ఈ కంపెనీ మునిగిపోతుందన్నవాళ్లు తొందరపడ్డారు. అయితే ఇంకో లెక్క చూడండి. 2021-22లో 100 రూపాయల రాబడికి లాభం 43 రూపాయలు మిగిలింది. 2023-24లో 35. 2024-25లో 32. మ్యాప్ ఒకసారి తయారైతే పదిమందికి అమ్మినా, వందమందికి అమ్మినా ఖర్చు పెద్దగా పెరగదు. ట్రాకింగ్ పరికరం అలాకాదు, ప్రతి పెట్టెనూ కొని అమ్మాలి. అలాంటి వ్యాపారం వాటా పెరిగేకొద్దీ అమ్మకం పెరుగుతుంది గానీ, చేతికి మిగిలే శాతం తగ్గుతుంది. ఇది చిన్న సందేహం కాదు.

గోడ ఉంది, తాళం ఎవరి దగ్గర?

కంపెనీకి ప్రభుత్వం ఒక గోడ కట్టి ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, మీటరు కంటే సూక్ష్మంగా కొలిచిన మ్యాప్ సమాచారాన్ని తయారుచేసి సొంతంగా ఉంచుకునే హక్కు భారతీయ సంస్థలకే. విదేశీ కంపెనీలు వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అందుకే 2022 జూలైలో గూగుల్ వీధుల ఫొటోలు చూపించే 'స్ట్రీట్ వ్యూ'ను హైదరాబాద్ సహా పది నగరాల్లో తెచ్చినప్పుడు టెక్ మహీంద్రా, జెనెసిస్ అనే దేశీ కంపెనీల ద్వారా రావాల్సి వచ్చింది. అదే రోజు మ్యాప్‌మైఇండియా తన 'రియల్ వ్యూ' తెచ్చింది.

గోడ మంచిదే. కానీ చూశారుగా, గూగుల్ ఆ గోడ దూకలేదు, ఇంకో తలుపులోంచి వచ్చింది. పైగా గోడ కట్టిన సర్కారే రేపు నిబంధన మార్చొచ్చు. లేదా తానే ఒక సేవను ఉచితంగా ఇవ్వొచ్చు. 2025లో తపాలా శాఖ 'డిజిపిన్' తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి చేసిన పని ఇది. దేశాన్ని నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. దుబాయ్‌లో ప్రతి భవనం మీదా కనిపించే పది అంకెల 'మకానీ' నంబరు లాంటిదన్నమాట. "రామాలయం వెనక, వేపచెట్టు పక్క సందు" అని చెప్పుకునే మన ఊళ్లకు ఇది ఎంతో మేలు. కానీ డిజిటల్ చిరునామాలు అమ్ముకుందామనుకునే కంపెనీకి ప్రభుత్వం ఉచితంగా ఇస్తే సాయమవుతుందా, పోటీ అవుతుందా? రెండూ కావచ్చు. మంత్రి మెచ్చుకుంటే పెరిగే షేరు, మంత్రి మాట మారితే తగ్గుతుంది కూడా.

ఇంటి లోపలి ప్రశ్న

2024 నవంబర్ చివర్లో ఇన్వెస్టర్లకు అన్నిటికంటే పెద్ద అనుమానం వచ్చింది. అది గూగుల్ వల్ల వచ్చింది కాదు. వ్యవస్థాపకుల కుమారుడు, అప్పటి సీఈఓ రోహన్ వర్మ ఆ పదవి వదిలి, మామూలు జనం వాడే యాప్ వ్యాపారం కోసం వేరే కంపెనీ పెడతానన్నారు. అందులో 90 శాతం వాటా ఆయనది, మ్యాప్‌మైఇండియాది 10 శాతం. ఆ 10 శాతానికి 10 లక్షల రూపాయలు, దానిపైన 35 కోట్లు తర్వాత షేర్లుగా మారే డిబెంచర్ల రూపంలో మ్యాప్‌మైఇండియా పెట్టాలన్నది ప్రతిపాదన.

చిన్న వాటాదారులు నిలదీశారు. "డబ్బు లిస్టెడ్ కంపెనీది, అంటే మా అందరిది. వాటా మాత్రం ఆయనకు 90 శాతమా?" అని. షేరు పడింది. కొద్ది రోజుల్లోనే, డిసెంబర్ మొదట్లో, ఆ 35 కోట్ల పెట్టుబడి వద్దని వెనక్కి తీసుకున్నారు.

మన తెలుగువాళ్లకు ఇలాంటి వార్త వింటే ఒక పాత గాయం గుర్తొస్తుంది. 2008 డిసెంబర్‌లో సత్యం కంప్యూటర్స్ డబ్బుతో కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని కొంటామని ప్రకటించి, ఇన్వెస్టర్లు తిరగబడితే గంటల్లోనే విరమించుకున్నారు. తర్వాత 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటపడి, షేరు ఒక్కరోజే 78 శాతం దాకా కూలింది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. సత్యంలో జరిగింది లెక్కల మోసం. మ్యాప్‌మైఇండియా మీద అలాంటి ఆరోపణే లేదు, ప్రతిపాదన బహిరంగంగా పెట్టారు, జనం వద్దంటే మానుకున్నారు. పోలిక ఒక్కచోటే. వాటాదారులు గట్టిగా అడిగితేనే యజమానులు వింటారు. కుటుంబం చేతిలో ఉన్న చిన్న కంపెనీలో గూగుల్‌ను గమనించినంత శ్రద్ధగా ఇంటి పెద్దల్నీ గమనించాలి.

అసలు సందేహం ధర

2021 డిసెంబర్‌లో ఈ షేరు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ధర 1,033 రూపాయలు. సుమారు 1,040 కోట్ల ఇష్యూ. 150 రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా కంపెనీకి పోలేదు. పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకున్నారంతే. తప్పేమీ కాదు. అయితే "ఈ డబ్బుతో కంపెనీ గూగుల్‌తో పోరాడుతుంది" అనుకుని దరఖాస్తు పెట్టినవాళ్లు మాత్రం పొరబడ్డారు.

1,033 దగ్గరే కంపెనీ మొత్తం విలువ సుమారు 5,500 కోట్లు, అంటే అప్పటికి చేతిలో ఉన్న ఏడాది లాభానికి 90 రెట్లు. డిసెంబర్ 21న మార్కెట్లో తొలి బేరమే 1,500 పైన జరిగింది. ఆ ధరకు కొన్నవాళ్లు 130 రెట్లకు పైగా పెట్టి కొన్నట్టు. ఆ తర్వాత మూడేళ్లలో కంపెనీ లాభం రెట్టింపు దాటింది. మధ్యలో 2024 జూలైలో షేరు 2,000 దాటి చాలా పైకి పోయింది కూడా. కానీ 2024 నవంబర్ చివరికి మళ్లీ 1,600 చుట్టూ ఉంది. తొలిరోజు ఎగబడి కొని మూడేళ్లు ఓపిక పట్టినవాడికి బ్యాంకు డిపాజిట్ వడ్డీ కూడా రాలేదు. ఇష్యూలో 1,033కి దొరికినవాడు మాత్రం లాభపడ్డాడు.

కంపెనీ ఒకటే. గూగుల్ పోటీ ఒకటే. తేడా అంతా కొన్న ధరలోనే ఉంది. మేం చెప్పదలచుకున్నది ఇదే. చిన్న కంపెనీని పెద్దవాడు తొక్కేస్తాడేమో అన్న భయం సగమే నిజం. మంచి కంపెనీని కూడా చెడ్డ ధరకు కొంటే పెద్దవాడు తొక్కక్కర్లేదు, మన డబ్బును మనమే తొక్కేసుకుంటాం. స్వదేశీ అన్న అభిమానంతో యాప్ వాడదాం, తప్పులుంటే చెబుదాం. షేరుకు మాత్రం అభిమానం చూసి ధర కట్టకూడదు.

మనవాళ్లు చూసుకోవాల్సినవి

గల్ఫ్‌లో, మలేషియాలో పనిచేసే మనవాళ్లలో ఎక్కువమందికి పింఛను లేదు. వీసా పోతే ఉద్యోగం పోయినట్టే. ఇంటి అప్పు, పిల్లల చదువు, ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకోకుండా ఏ ఒక్క చిన్న కంపెనీ షేరులోనూ డబ్బు పెట్టకూడదన్నది మొదటి మాట. మిగిలిన దాంట్లో కూడా, మొత్తం పోయినా నిద్ర పట్టేంత సొమ్మే ఇలాంటి చోట పెట్టాలి.

ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఊళ్లోని పాత సేవింగ్స్ ఖాతాతోనే షేర్లు కొనడం కుదరదు. ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి, లేదా ఎన్‌ఆర్‌ఈ ఖాతా ద్వారా బ్యాంకు అనుమతితో కొనాలి. డీమ్యాట్ ఖాతాలో కూడా ఎన్‌ఆర్‌ఐ అనే ఉండాలి. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడే వ్యాపారం మనకు లేదు. ఎవరైనా "మీ పేరు మీద రోజూ ట్రేడింగ్ చేసి లాభాలు పంపిస్తాం" అంటే అక్కడే ఆగిపోండి.

ఇంకో అలవాటు ఉంది. తమ్ముడి పేరునో, బావమరిది పేరునో కొనడం. కాగితం మీద ఎవరి పేరుంటే షేర్లు వాళ్లవే. రేపు మాటా మాటా వస్తే డబ్బూ పోతుంది, చుట్టరికమూ పోతుంది.

పన్ను సంగతి. 2024 జూలై 23 నుంచి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షలకు పైబడిన లాభం మీద 12.5 శాతం. మనకు ముందే టీడీఎస్ కోసేస్తారు, ఎక్కువ కోస్తే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవాలి.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా మ్యాప్‌మైఇండియా మీద గానీ, ఇలాంటి మరో చిన్న టెక్నాలజీ కంపెనీ మీద గానీ మనసుంటే, కొనేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. పెద్ద కంపెనీ ఉచితంగా ఇవ్వని దేన్ని ఇది అమ్ముతోంది? 100 రూపాయల రాబడిలో మిగిలేది ఏటేటా పెరుగుతోందా, తగ్గుతోందా? యజమానులు కంపెనీ డబ్బును ఎక్కడ పెడుతున్నారు? ఈరోజు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లు? ఈ నాలుగింటికీ జవాబులు కంపెనీ వార్షిక నివేదికలో, మూడు నెలలకోసారి వచ్చే లెక్కల్లో ఉంటాయి. స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు, రుసుం లేదు. సెలవు రోజు రెండు గంటలు పెడితే చాలు. వాటికి జవాబు రాయలేకపోతే, ఆ డబ్బు బ్యాంకులో ఉండటమే మంచిది.